బోర్డు మీద ఒక లెక్క, చెవిలో ఒక జవాబు: రోజూ ఐదు నిమిషాల నోటి లెక్కల కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక లెక్కతో మొదలుపెడదాం. ఫోన్ చేతిలోనే ఉంది, కాలిక్యులేటర్ పక్కనే ఉంది, తెలుసు. కానీ ప్లీజ్, ఓపెన్ చేయొద్దు. పెన్నూ పేపరూ కూడా వద్దు.

లెక్క ఇది. 10 స్క్వేర్, 11 స్క్వేర్, 12 స్క్వేర్, 13 స్క్వేర్, 14 స్క్వేర్. ఈ ఐదింటినీ కలపాలి. వచ్చిన మొత్తాన్ని 365తో భాగించాలి. ఎంత?

వీడియో పాజ్ చేసి ఒక నిమిషం ఆలోచించండి. జవాబు నేను కాసేపయ్యాక చెబుతాను.

ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్న పెయింటింగ్ చూడండి. రష్యాలో ఒక పల్లెటూరి బడి. నల్లబోర్డు మీద మనం ఇప్పుడు చెప్పుకున్న లెక్కే రాసి ఉంది. బోర్డు చుట్టూ రైతుల పిల్లలు, ఒకడి చొక్కా చిరిగిపోయి ఉంది. ఒకడు గడ్డం పట్టుకుని ఆలోచిస్తున్నాడు, ఇంకొకడు పైకి చూస్తున్నాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక పిల్లాడు ఆయన చెవి దగ్గరకొచ్చి ఏదో గుసగుసగా చెబుతున్నాడు.

ఆ గుసగుసను గుర్తుపెట్టుకోండి. ఈరోజు కథంతా దాని గురించే.

మా క్లాసులో పొద్దున్నే ఏం జరిగేదంటే

ముందు నా సంగతి చెబుతాను. నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు మా స్కూల్లో ప్రేయర్ అయిపోగానే మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఎక్కాలు. రోజూ. సారు బెత్తం పట్టుకుని బెంచీల మధ్య నడుస్తూ అడిగేవారు. "ఏడెనిమిదులు?" వెంటనే చెప్పాలి. ఒక్క సెకను లేటైతే పక్కవాడిని అడిగేవారు. పక్కవాడు చెబితే, వాడు లేచి, చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటి కొట్టాలి. మీలో కొంతమందికి ఇది బాగా తెలిసే ఉంటుంది. కొట్టినవాళ్ళో, తిన్నవాళ్ళో అయి ఉంటారు.

నేను కొట్టే బ్యాచ్. ఇరవయ్యో ఎక్కం వరకు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

నా పక్కన కూర్చునేవాడు ఒకడుండేవాడు. పేరు చెప్పను. వాడిని "ఏడెనిమిదులు" అడిగితే ఆగేవాడు. పెదాలు కదిలేవి. "ఏడైదులు ముప్పై ఐదు... ఏడు మూళ్ళు ఇరవై ఒకటి... యాభై ఆరు" అని చివరికి చెప్పేవాడు. జవాబు కరెక్టే. కానీ అప్పటికే నేను లేచి నిలబడి ఉండేవాణ్ణి. వాడి ముక్కు పట్టుకుని ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. సారు అందరి ముందూ అనేవారు, "వీడికి లెక్కలు రావు" అని.

వాడి దగ్గరికి మళ్ళీ వద్దాం. అసలు ఈ పొద్దున్నే ఎక్కాలు చెప్పించే అలవాటు ఎంత పాతదో చూద్దాం.

1823, బళ్ళారి

ఒక రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళదాం. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టర్‌నూ ఒక రిపోర్టు అడిగాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని. బళ్ళారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం మీద ఇంగ్లీషులో పుస్తకం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసే ఉండేది.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు, మిగతావి మరాఠీ, పర్షియన్, సంస్కృతం, తమిళం, ఒక్కటంటే ఒక్కటి ఇంగ్లీషు. మొత్తం పిల్లలు 6,641 మంది. జిల్లా జనాభా దాదాపు పది లక్షలు. అంటే చదువుకునే అదృష్టం చాలా కొద్దిమందికే.

ఆ వీధిబడుల్లో రోజు ఎలా మొదలయ్యేదో కూడా ఆయన రాశాడు. పొద్దున ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చిన్నగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. కోడింగ్ చేసేవాళ్ళు గమనించారా? మన వీధిబడిలో కౌంటింగ్ రెండోవాడి దగ్గర సున్నాతో మొదలైంది. పదోవాడికి ఎన్ని దెబ్బలు? ఎనిమిది. చూడండి, దెబ్బల్లో కూడా లెక్క ఉంది.

ఇసకలో వేలితో గుంట ఓనమాలు దిద్దడం, తర్వాత తాటాకు మీద గంటంతో రాయడం, ఎక్కాలు వల్లె వేయడం, ఇదీ చదువు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పేవారు. ఈ పద్ధతి క్యాంప్‌బెల్‌కు చాలా నచ్చింది. తక్కువ ఖర్చులో అయిపోతుంది, పైగా నేర్పేవాడికి కూడా పాఠం గట్టిపడుతుంది అని మెచ్చుకున్నాడు. దానికంటే ముందే, 1789 తర్వాత, మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన కూడా అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసకలో రాయడం చూసి, దాన్ని తన బడిలో పెట్టాడు. పెద్దపిల్లలతో చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతి మీద పుస్తకం రాసి ఇంగ్లాండు తీసుకెళ్ళాడు. అక్కడ దాని పేరే మద్రాస్ సిస్టం అయిపోయింది.

కానీ క్యాంప్‌బెల్ ఒక విషయంలో చాలా గట్టిగా ఫిర్యాదు చేశాడు. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెబుతారు, అర్థం మాత్రం తెలియదు, చిలక పలుకుల్లా చదువుతారు అని.

ఇక్కడ మన పెద్దవాళ్ళకి అన్యాయం చేయొద్దు. ఆ ఎక్కాలు ఊరికే పుట్టలేదు. రూపాయికి 16 అణాలు ఉన్న రోజులవి. రూపాయిలో పదహారో వంతు వీసం, ఎనిమిదో వంతు పరక, నాలుగో వంతు పాతిక, సగం అర, మూడు పాతికలు ముప్పాతిక. ధాన్యం కొలవాలన్నా, బాకీ తేల్చాలన్నా, శిస్తు కట్టాలన్నా ఇవే కావాలి. భిన్నాలకు కూడా ఎక్కాలు బట్టీ పట్టినవాడిని షావుకారు మోసం చేయలేడు. అంటే పొద్దున్నే ఎక్కాలు అప్పట్లో చాలామందికి బతుకుతెరువు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, రూపాయికి వంద అయింది. వీసం, పరక మెల్లగా వాడుకలోంచి పోయాయి. వల్లె వేయించడం, దెబ్బ వేయడం మాత్రం మా ఐదో క్లాసు దాకా వచ్చేశాయి.

అదే టైంలో, బోస్టన్‌లో

ఇప్పుడు కెమెరా అమెరికా వైపు తిప్పుదాం. క్యాంప్‌బెల్ రిపోర్టుకి రెండేళ్ళ ముందు, 1821లో, బోస్టన్‌లో వారెన్ కోల్‌బర్న్ అనే టీచర్ ఒక చిన్న లెక్కల పుస్తకం వేశాడు. ఈయన కథ నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు ఫ్యాక్టరీల్లో మెషిన్ల దగ్గర పనిచేశాడు. ఆలస్యంగా చదువు మొదలుపెట్టి 27 ఏళ్ళకు హార్వర్డ్‌లో డిగ్రీ తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, మళ్ళీ బట్టల మిల్లులకు సూపరింటెండెంట్‌గా వెళ్ళిపోయాడు. ఇంజనీర్ టీచరై, మళ్ళీ ఇంజనీర్ అయ్యాడన్నమాట. నేను ఇంకా మొదటి సగంలోనే ఉన్నాను.

అప్పటి లెక్కల పుస్తకాలు ఎలా ఉండేవంటే, ముందు ఒక రూల్, తర్వాత ఒక ఉదాహరణ, తర్వాత లెక్కలు. రూల్ ఎందుకు పనిచేస్తుందో అడగకూడదు. కోల్‌బర్న్ దీన్ని తిరగేశాడు. రూల్ లేదు. మొదటి ప్రశ్నే నీకు ఎన్ని బొటనవేళ్ళు ఉన్నాయి అన్నంత తేలిగ్గా ఉంటుంది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా భిన్నాల దాకా వెళ్తాడు. పలక లేకుండా, మనసులోనే చేయాలి. చేశాక ఎలా చేశావో చెప్పాలి. పిల్లాడికి సొంత దారి దొరికితే ముందు దాన్నే పోనివ్వాలి అన్నది ఆయన మాట.

ఈ ఆలోచన ఆయనకి స్విట్జర్లాండ్‌లోని పెస్టలోజ్జి నుంచి వచ్చింది. పుస్తకం పేరులోనే ఆయన పేరు పెట్టాడు. పెస్టలోజ్జి ఇవెర్డన్ అనే ఊళ్ళో బడి నడిపాడు. అంకె రాయడం కంటే ముందు గింజలు, రాళ్ళు, గీతలు చూపించి, వాటితో నోటి లెక్కలు చేయించేవాడు. ఆ పిల్లలు మనసులో లెక్కలు కట్టే తీరు చూడ్డానికి యూరప్ నలుమూలల నుంచి జనం వచ్చేవారు.

ఒకే దశాబ్దం. బళ్ళారిలోనూ బోస్టన్‌లోనూ పిల్లలు నోటితోనే లెక్కలు చేస్తున్నారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఒకచోట టీచర్ "ఎంత?" అని అడిగి ఆగిపోతాడు. రెండోచోట "ఎంత?" తర్వాత "ఎలా?" అని కూడా అడుగుతాడు.

కోల్‌బర్న్ పుస్తకం లక్షల కాపీలు అమ్ముడైంది. కానీ కాలం గడిచేకొద్దీ అమెరికా బడుల్లో నోటి లెక్కలు కూడా వల్లెవేతగానే మారాయి. "ఎలా" అన్న ప్రశ్నకు కూడా ఒక ఫిక్స్‌డ్ జవాబు తయారుచేసి, దాన్నే బట్టీ పట్టించారు. అంటే ఈ జబ్బు ఒక్క మన దేశానిది కాదు.

చెవిలో గుసగుస

ఇప్పుడు మళ్ళీ ఆ పెయింటింగ్ దగ్గరికి. దాన్ని 1895లో వేసినవాడు నికొలాయ్ బొగ్దానోవ్-బెల్‌స్కీ. ఇప్పుడది మాస్కోలో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. కుర్చీలో కూర్చున్న మాస్టారు పేరు సెర్గేయ్ రచిన్‌స్కీ. ఈయన మాస్కో యూనివర్సిటీలో బోటనీ ప్రొఫెసర్. డార్విన్ పుస్తకాన్ని 1864లో రష్యన్‌లోకి అనువదించింది ఈయనే. అలాంటి మనిషి ఉద్యోగం వదిలేసి, తన సొంత ఊరు తాతెవోకి వెళ్ళి, 1870ల్లో రైతుల పిల్లలకి బడి పెట్టాడు. నోటి లెక్కల మీద ఆయనకి ఎంత పిచ్చంటే, 1,001 లెక్కలతో ఒక పుస్తకమే వేశాడు.

అసలు ట్విస్ట్ ఏంటంటే, ఆ పెయింటర్ కూడా పేదింటి నుంచి వచ్చి ఇదే బడిలో చదువుకున్నాడు. అంటే అది ఊహించి వేసిన బొమ్మ కాదు, తాను కూర్చున్న గది.

ఇప్పుడు మన లెక్క. మొదటి దారి: 100, 121, 144 కలపండి. 365. తర్వాత 169, 196 కలపండి. మళ్ళీ 365! రెండు 365లు, భాగిస్తే 2. అయిపోయింది.

ఇంకో దారి ఉంది. మధ్యలో ఉన్నది 12. మిగతావి దానికి ఒకటి అటూ ఇటూ, రెండు అటూ ఇటూ. 11 స్క్వేర్, 13 స్క్వేర్ కలిపితే రెండు 144లు, పైన 2. 10 స్క్వేర్, 14 స్క్వేర్ కలిపితే రెండు 144లు, పైన 8. మొత్తం ఐదు 144లు, అంటే 720, పైన 10. 730. అందులో 365 రెండుసార్లు. జవాబు 2.

చూశారా, జవాబు ఒకటే. కానీ మొదటి దారిలో వెళ్ళినవాడు ఒక వింత కనుక్కున్నాడు, మూడు స్క్వేర్లు ఇంకో రెండు స్క్వేర్లకి సమానమని. రెండో దారిలో వెళ్ళినవాడికి ఎలాంటి ఐదు వరుస సంఖ్యలకైనా పనికొచ్చే టెక్నిక్ దొరికింది. "2" అని గట్టిగా అరిచేసి ఊరుకుంటే ఈ రెండూ పోయేవి.

అందుకే ఆ గుసగుస. ఇది నేను బొమ్మ చూసి అనుకుంటున్న మాట. జవాబు తెలిసినవాడు పైకి చెప్పేస్తే, ఆ క్షణంలోనే మిగతా పదిమంది ఆలోచించడం ఆపేస్తారు. చెవిలో చెబితే వాడి ఆనందం వాడికి ఉంటుంది, మిగతావాళ్ళ ఆలోచన వాళ్ళకి ఉంటుంది. గడ్డం పట్టుకున్న కుర్రాడిని చూడండి, వాడిని ఎవరూ తొందరపెట్టడం లేదు. ఎవరూ ముక్కు పట్టుకోవడం లేదు.

సేమ్ కోడ్, ఫాస్ట్ ప్రాసెసర్

సరే, ఫీలింగ్స్ పక్కన పెడదాం. డేటా ఉందా? ఉంది.

1935లో అమెరికాలో విలియం బ్రౌనెల్, షార్లెట్ చాజల్ ఒక ప్రయోగం ప్రచురించారు. మూడో తరగతి పిల్లల్ని తీసుకుని, చిన్న చిన్న కూడికలు అడిగారు. జవాబు ఒక్కటే కాదు, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎలా చేశావని కూడా అడిగారు. కొందరికి జవాబు గుర్తుంది, కొందరు ఒకటొకటి లెక్కపెడుతున్నారు, కొందరు తెలిసిన కూడిక నుంచి తెలియనిదానికి వెళ్తున్నారు. తర్వాత ఒక నెల రోజులు ప్రతిరోజూ కొన్ని నిమిషాలు డ్రిల్. మా స్కూల్లో చేయించినట్టే. నెల తర్వాత మళ్ళీ అడిగారు.

పిల్లలు ఫాస్ట్ అయ్యారు. తప్పులు తగ్గాయి. కానీ పద్ధతి? చాలామంది పాత పద్ధతిలోనే ఉన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు, కాకపోతే స్పీడుగా. మన భాషలో చెప్పాలంటే, అల్గారిథమ్ మార్చలేదు, ప్రాసెసర్ ఒకటే మార్చారు. ఇన్‌పుట్ చిన్నగా ఉన్నంతసేపు తేడా తెలియదు. ఇన్‌పుట్ పెరిగిందా, ప్రోగ్రాం హ్యాంగ్.

బ్రౌనెల్ డ్రిల్ వద్దని చెప్పలేదు, ఇది ముఖ్యం. అర్థమైన తర్వాత చేయించండి అన్నాడు. ముందే చేయిస్తే, చేతకాని పద్ధతినే గట్టిపరుస్తున్నారు అన్నాడు.

ఇంకొకటి. 1990ల్లో కాన్‌స్టాన్స్ కమీ అనే పరిశోధకురాలు పిల్లల్ని 7 + 52 + 186 మనసులో చేయమంది. కొన్ని క్లాసుల్లో నిలువుగా రాసి, ఒకట్లు, పదులు, మిగులు అని నేర్పారు. కొన్ని క్లాసుల్లో అది నేర్పకుండా, సొంతంగా దారి వెతుక్కోనిచ్చారు. రెండో రకం పిల్లలే ఎక్కువమంది కరెక్ట్ చెప్పారు. 180, 50 కలిపితే 230. 6, 7, 2 కలిపితే 15. మొత్తం 245. రూల్ నేర్చుకున్న పిల్లల్లో చాలామంది ఏ అంకె ఏ స్థానంలో ఉందో మర్చిపోయి, అసలు పొంతన లేని పెద్ద పెద్ద జవాబులు చెప్పారు. అంత పెద్దది ఎలా వస్తుందన్న అనుమానం కూడా వాళ్ళకి రాలేదు.

గుండె దగ్గర బొటనవేలు

1990ల్లోనే అమెరికాలో క్యాథీ రిచర్డ్‌సన్, రూత్ పార్కర్ అనే ఇద్దరు టీచర్ ట్రైనర్లు "నంబర్ టాక్" అని ఒక చిన్న పద్ధతి తయారుచేశారు. 2010లో షెర్రీ పారిష్ దాని మీద రాసిన పుస్తకంతో ఇది చాలా స్కూళ్ళకి వెళ్ళింది. ఎలా ఉంటుందంటే:

రోజూ క్లాసు మొదట్లో ఓ పది నిమిషాలు. బోర్డు మీద ఒక్క లెక్క. ఉదాహరణకి 18 × 5. పెన్ను లేదు, పేపర్ లేదు. చెయ్యి ఎత్తకూడదు. జవాబు దొరికితే పిడికిలి గుండెకి ఆనించి, బొటనవేలు మాత్రం పైకి చూపించాలి. టీచర్‌కి కనిపిస్తుంది, పక్కవాడికి కనిపించదు. ఇంకో దారి కూడా దొరికితే ఇంకో వేలు.

తాతెవోలో గుసగుస చేసిన పనే, వందేళ్ళ తర్వాత, ఈ బొటనవేలు చేస్తోంది. గెలిచినవాడు మిగతావాళ్ళ ఆలోచనని ఆపకూడదు.

తర్వాత టీచర్ జవాబులు అడిగి అన్నీ రాస్తుంది, తప్పువి కూడా. ముఖం మార్చదు. అప్పుడు ఒక్కొక్కరూ ఎలా చేశారో చెబుతారు. ఒకడు: "20 ఐదులు 100, అందులో 2 ఐదులు తీసేస్తే 90." ఇంకొకడు: "10 ఐదులు 50, 8 ఐదులు 40, మొత్తం 90." మూడోవాడు: "18లో సగం 9, 5కి రెట్టింపు 10, తొమ్మిది పదులు 90." తప్పు చెప్పినవాడు వీళ్ళ మాట వింటూ వింటూ మధ్యలో, "నా జవాబు మార్చుకుంటాను" అంటాడు. ఆ మాట అనడానికి అక్కడ భయం ఉండదు.

ఏ రోజుకారోజు ఇందులో గొప్ప ఏమీ కనిపించదు. కానీ ఏడాదికి 200 రోజులు ఇలా జరిగితే, ప్రతి సంఖ్యనీ విడగొట్టొచ్చు, కలపొచ్చు, అటూ ఇటూ జరపొచ్చు అన్నది పిల్లల ఒంటికి పట్టేస్తుంది. రేపు ఆల్జీబ్రాలో బ్రాకెట్లు వచ్చినప్పుడు అది కొత్త రూల్‌లా కనిపించదు, రోజూ పొద్దున చేసేదే అనిపిస్తుంది. మన దేశంలో కూడా 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇదే దిశలో మాట్లాడింది. లెక్కలు చెప్పడం అంటే పిల్లల ఆలోచనని గణితంలా తీర్చిదిద్దడం అని. కాగితం మీద మనం ఎప్పుడో అక్కడికి చేరాం. క్లాసులోకి చేరాలి.

వాడికి లెక్కలు రావట

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. ఎరువుల షాపు దగ్గర నా పక్క బెంచీవాడు కనిపించాడు. ఇప్పుడు ఆ షాపు వాడిదే. నేను నిలబడి ఉండగానే ఒక రైతు వచ్చి 1,350 రూపాయల బస్తాలు ఆరు తీసుకున్నాడు. వాడు కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. పెదాలు కదిలాయి. "ఆరు వేలు... పద్దెనిమిది వందలు... మూడు వందలు. ఎనిమిది వేల వంద" అన్నాడు.

వెయ్యి ఆర్లు ఆరు వేలు. మూడొందలు ఆర్లు పద్దెనిమిది వందలు. యాభై ఆర్లు మూడు వందలు. ఐదో క్లాసులో చేసిన పనే. ఏడెనిమిదుల్ని ఏడైదులు, ఏడు మూళ్ళుగా విడగొట్టాడే, అదే. దాన్ని విభాగ న్యాయం అంటారని మాకు పై క్లాసులో ఒక ఫార్ములాగా చెప్పారు. వాడు దాన్ని పదేళ్ళప్పుడే సొంతంగా కనుక్కున్నాడు. ఎవరూ "ఎలా చేశావురా?" అని అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు క్లాసు మొత్తానికి నేర్పేవాడు.

నేను చెప్పాను వాడితో. "ఒరేయ్, నువ్వు లెక్కల్లో నాకంటే తోపువిరా" అని. వాడు నవ్వి, "ఊరుకోరా, నాకు లెక్కలు ఎప్పుడొచ్చాయి? టెన్త్‌లో లెక్కల్లోనే కదా పోయింది" అన్నాడు.

చెంపదెబ్బల గురించి సారీ చెప్పాను. వాడికి గుర్తే లేదన్నాడు. నిజంగా గుర్తు లేదో, నాకోసం అలా అన్నాడో తెలియదు. కానీ "వీడికి లెక్కలు రావు" అన్న మాట మాత్రం వాడికి ఈరోజుకీ గుర్తుంది. దాన్ని నమ్ముతున్నాడు కూడా. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం అదే.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను బీటెక్‌లోకి వచ్చాక, ఫార్ములా గుర్తుకురాని ప్రతిచోటా ఆగిపోయాను. ఇంటర్వ్యూలో ఒకాయన కొత్త ప్రాబ్లం ఇచ్చి, "జవాబు వద్దు, ఎలా మొదలుపెడతావో చెప్పు" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. పదహారేళ్ళ చదువులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మీరేం చేయొచ్చు

మా అక్క కూతురు నాలుగో క్లాసు. రెండు నెలలుగా రాత్రి వీడియో కాల్‌లో ఒక్క లెక్క చేస్తున్నాం. ఐదు నిమిషాలే. మొదటి వారం అది జవాబు చెప్పి నా ముఖం వైపు చూసేది, కరెక్టా కాదా అని. నేను ముఖం మార్చకుండా "ఎలా చేశావ్?" అంటే తప్పేమో అనుకుని జవాబు మార్చేసేది! మన పిల్లలకి ఆ ప్రశ్న వినిపించేది తప్పు చేసినప్పుడే కదా. అందుకే కరెక్ట్ చెప్పినప్పుడు కూడా అడగాలి. ఇప్పుడు అలవాటైంది. మొన్న 25 × 12 ఇచ్చాను. "నాలుగు పాతికలు వంద, అలాంటివి మూడు, మూడు వందలు" అంది. తర్వాత, "మావయ్యా, నువ్వెలా చేశావ్?" అని నన్నే అడిగింది.

మీ ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, పక్కింటి పిల్లలో ఉంటే ఇది మీరూ చేయొచ్చు. రోజుకి ఒక్క లెక్క చాలు. టైమర్ పెట్టొద్దు. జవాబు రాగానే "వెరీ గుడ్" అని ముగించొద్దు. ఎలా చేశారో అడగండి, మొత్తం వినండి, తర్వాత మీ దారి చెప్పండి. ఎక్కాలు మానేయమని నేను అనడం లేదు. ఎక్కాలు రావాలి, వస్తే చాలా పని తేలికవుతుంది. కానీ ఏడెనిమిదులు మర్చిపోయిన రోజు, ఏడైదుల నుంచి అక్కడికి నడిచి వెళ్ళడం కూడా రావాలి.

వెళ్ళేముందు మీకు ఒక హోంవర్క్. 10, 11, 12 స్క్వేర్లు కలిపితే 13, 14 స్క్వేర్లకి సమానం అని చూశాం కదా. ఇప్పుడు 21, 22, 23, 24 స్క్వేర్లు ఒకవైపు, 25, 26, 27 స్క్వేర్లు ఇంకోవైపు పెట్టి చూడండి. ఏం జరుగుతుందో చూశాక, ఎందుకు జరుగుతుందో ఆలోచించండి. దొరికితే పక్కవాళ్ళకి వెంటనే చెప్పేయకండి, వాళ్ళనీ కాసేపు ఆలోచించనివ్వండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.